ముంపు పొలాల్లో షోర్‌బర్డ్స్: సెయింట్ లూయిస్ దగ్గర వసంతంలో వలస పిట్టల్ని ఎలా చూడాలి

సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి వరద అంటే బేస్‌మెంట్‌లో నీళ్ళు, ఇన్సూరెన్స్ గొడవ, ఫలానా రోడ్డు మూసేశారని వాట్సాప్ మెసేజ్, అంతే. కానీ మార్చి మధ్య నుంచి మే ఆఖరి దాకా అదే నీళ్ళు నది పక్క పొలాల్లో నిలబడితే, దక్షిణ అమెరికాలో చలికాలం గడిపి ఆర్కిటిక్‌కి గుడ్లు పెట్టడానికి పోయే పిట్టలు మధ్యలో ఇక్కడ దిగి, కొన్ని రోజులు కడుపు నింపుకుని మళ్ళీ లేచి పోతాయి. వీటిని షోర్‌బర్డ్స్, అంటే ఒడ్డు పిట్టలు, అంటారు గానీ ఇక్కడ సముద్రమూ లేదు బీచూ లేదు, ఉన్నదల్లా బురద. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరూ ముందు పిట్టల పుస్తకం కొనేసి బొమ్మలు బట్టీ పడతారు, అది తర్వాతైనా చెయ్యొచ్చు, ముందు నేర్చుకోవాల్సింది తగ్గుతున్న నీళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టడం. అది వస్తే సగం పని అయిపోయినట్టే.

1. ముందు నేల సంగతి

మిస్సిసిపీ, మిస్సోరీ నదులు సెయింట్ లూయిస్‌కి కొంచెం పైన కలుస్తాయి, ఇల్లినాయ్ నది ఇంకాస్త ఎగువన గ్రాఫ్టన్ దగ్గర కలుస్తుంది. ఈ మూడు నదుల పక్కన గుట్టల దాకా ఉండే పల్లపు నేలంతా ఒకప్పుడు నది ఇష్టమొచ్చినట్టు పారిన చోటు, ఇప్పుడు కరకట్టలు కట్టి మొక్కజొన్న, సోయా వేస్తున్నారు. చెస్టర్‌ఫీల్డ్ వ్యాలీలో వీకెండ్ షాపింగ్‌కి వెళ్తాం కదా, ఆ పెద్ద పెద్ద స్టోర్ల వరస ఉన్న నేలంతా 1993 జూలై చివర్లో మోనార్క్ లెవీ అనే కరకట్ట తెగినప్పుడు నీళ్ళలో మునిగింది, అదీ ఇలాంటి పల్లమే. ఆ ఏడు ఆగస్టు 1న సెయింట్ లూయిస్ గేజ్ (నది ఎత్తు కొలిచే చోటు) దగ్గర నీటిమట్టం 49.58 అడుగులకి పోయింది, అక్కడ ఫ్లడ్ స్టేజ్, అంటే వరద మొదలైనట్టు లెక్కేసే మట్టం, 30 అడుగులే.

పిట్టలకి మాత్రం అంత పెద్ద వరద పనికిరాదు. వాటి కాళ్ళెంత, ముక్కెంత చెప్పండి. చాలా షోర్‌బర్డ్స్‌కి 10 సెంటీమీటర్ల లోతు దాటితే తిండి అందదు, చిన్నవాటికైతే 4 సెంటీమీటర్ల లోపే ఉండాలి, తడి బురద అయితే ఇంకా మంచిది. నీళ్ళు పెరుగుతున్నప్పుడు వెళ్తే బాతులూ కొంగలూ కనపడతాయి, అంతకుమించి ఏం ఉండదు. నీళ్ళు దిగడం మొదలై పొలంలో అక్కడక్కడా మట్టి తేలి, పాత మొక్కజొన్న మొదళ్ళ మధ్య చెమ్మ మెరుస్తూ, మన దగ్గర నాట్లకి ముందు దమ్ము చేసి వదిలేసిన మడి ఎలా ఉంటుందో అలా అయినప్పుడు వెళ్ళాలి. ఆ బురదలో చిరోనమిడ్ దోమల లార్వాలు, అంటే నీళ్ళలో ఎర్రగా మెలికలు తిరిగే పురుగులు, బోలెడుంటాయి, పిట్టలొచ్చేది వాటికోసమే.

పొలాల్లోకి నీళ్ళు మూడు రకాలుగా వస్తాయి. ఒకటి, కరకట్ట లేనిచోట నది నేరుగా పొంగి వచ్చేది. రెండోది వాన నీళ్ళు, ఇక్కడి జిగట బంకమట్టిని లోకల్‌గా గంబో అంటారు, మన నల్లరేగడి లాగే నీళ్ళు ఒక పట్టాన ఇంకవు. మూడోది చాలామందికి తెలీదు కానీ నాకు అన్నిటికంటే నమ్మకమైనది అదే, ఊట నీళ్ళు. బయట నది ఎత్తుగా ఉంటే ఆ ఒత్తిడికి నీళ్ళు కరకట్ట కింద నుంచి లోపలి పొలాల్లోకి ఊరతాయి. పైన వాన చుక్క లేకపోయినా కట్ట లోపల పల్లాల్లో పల్చగా నీళ్ళు నిలుస్తాయి, లోతు ఎక్కువ ఉండదు, నది ఎత్తుగా ఉన్నన్నాళ్ళూ అవి ఎండిపోవు. కాబట్టి నది ఎత్తుగా ఉన్న రోజుల్లో నది వైపు కాదు, కట్ట లోపలి వైపు చూడండి.

2. ఇంట్లో కూర్చునే నీళ్ళు వెతకడం

నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో ప్రతి రివర్ గేజ్‌కీ ఒక గ్రాఫ్ ఉంటుంది, ఇప్పటిదాకా ఎంత ఉంది, రాబోయే రోజుల్లో ఎంత అవుతుందని. సెయింట్ లూయిస్, గ్రాఫ్టన్, మిస్సోరీ మీద సెయింట్ చార్లెస్, ఈ మూడూ బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి. గీత పైకి పోయి, వంగి, కిందకి దిగడం మొదలైన రెండు మూడు రోజుల తర్వాత కరకట్ట లేకుండా నది పక్కనే ఉన్న పొలాలు చూడ్డానికి బావుంటాయి. వాన నీళ్ళ పొలాలకి గేజ్‌తో పనిలేదు, ఒకటి రెండు అంగుళాల వాన పడ్డ మర్నాటి నుంచే వెళ్ళొచ్చు, అవి త్వరగా ఆరిపోతాయి కూడా, పైగా రైతు పంపు పెట్టి తోడేస్తే రాత్రికి రాత్రే మాయం.

ఇంకో మంచి ఉపాయం శాటిలైట్ బొమ్మలు. సెంటినెల్-2 శాటిలైట్ల బొమ్మలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఫ్రీగా చూడొచ్చు, సుమారు 5 రోజులకోసారి కొత్తవి వస్తాయి. మామూలు రంగుల్లో కాకుండా ఫాల్స్ కలర్ పెట్టుకుంటే నీళ్ళు నల్లగా, పచ్చని చేలు ఎర్రగా తేలిపోతాయి, ఏ పొలంలో నీళ్ళున్నాయో, దాని పక్కన పబ్లిక్ రోడ్డు ఉందో లేదో అక్కడే తేల్చుకోవచ్చు. మబ్బు పడితే మాత్రం ఏం కనపడదు, వసంతంలో ఇక్కడ మబ్బు ఎక్కువే, అయినా చూస్తూ ఉండండి. ఒకే పొలాలు ఏటా మునుగుతాయి, నేల పల్లం మారదు కదా. ఒకసారి లిస్ట్ రాసి పెట్టుకుంటే వచ్చే ఏడు కూడా అదే పనికొస్తుంది.

ఈబర్డ్‌లో, అంటే పిట్టలు చూసేవాళ్ళు ఎక్కడ ఏం చూశారో రాసే సైట్‌లో, వేరేవాళ్ళు పెట్టిన రిపోర్టులూ చూడొచ్చు, తప్పేం లేదు. కాకపోతే అవి నిన్నటివి, మనకి కావాల్సింది ఇవాళ్టి నీళ్ళు.

3. ఎప్పుడు ఏది వస్తుంది

మార్చి మధ్యలో కిల్‌డీర్, విల్సన్స్ స్నైప్, పెక్టోరల్ శాండ్‌పైపర్, రెండు రకాల యెల్లోలెగ్స్ మొదలవుతాయి. మార్చి ఆఖర్నుంచి ఏప్రిల్ అంతా అమెరికన్ గోల్డెన్ ప్లవర్ టైమ్. దీని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది ఈ ప్రాంతానికి ప్రత్యేకం. ఆర్కిటిక్‌లో గూడు పెడుతుంది, చలికాలం అర్జెంటీనా వైపు పచ్చిక మైదానాల్లో ఉంటుంది, శరదృతువులో పోయేటప్పుడు చాలామటుకు అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది, వసంతంలో తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఖండం మధ్యలోంచి, అంటే మన మిడ్‌వెస్ట్ పొలాల మీదుగా వస్తుంది. న్యూయార్క్ వైపు ఉండే వాళ్ళకి వసంతంలో ఇది దొరకడం కష్టం, మనకి దున్నిన పొలంలో గుంపులు గుంపులుగా దొరుకుతుంది. మన కోస్తాకి చలికాలంలో వచ్చే పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ దీనికి దగ్గర చుట్టం, కాకినాడ కోరంగి వైపు బురద నేలల్లో చూసినవాళ్ళు వెంటనే పోల్చుకుంటారు.

ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే మధ్య దాకా అసలు పండగ. లీస్ట్, సెమీపామేటెడ్, స్టిల్ట్ శాండ్‌పైపర్లు, డౌవిచర్లు, విల్సన్స్ ఫాలరోప్, సాలిటరీ, స్పాటెడ్, అదృష్టం బావుంటే హడ్సోనియన్ గాడ్విట్. మే రెండో సగంలో వైట్ రంప్డ్ శాండ్‌పైపర్, డన్లిన్, రడ్డీ టర్న్‌స్టోన్. ఏడాది మొత్తంలో ఒక్క వీకెండే దొరుకుతుందంటే మే రెండో వారం పెట్టుకోండి, మదర్స్ డే బ్రంచ్ అయ్యాక వెళ్ళినా ఫర్లేదు.

వాతావరణం కూడా చూస్కోవాలి. రాత్రి దక్షిణం గాలి వీస్తే పిట్టలు కదులుతాయి, తెల్లారేసరికి ఉత్తరం నుంచి చల్లగాలి, వాన ఎదురైతే ముందుకి పోలేక దొరికిన బురదలో దిగిపోతాయి. కాబట్టి ముసురు పట్టిన రోజు పొద్దున్నే లేచి వెళ్ళడం బంగారం. ఎండ కాసి ఆకాశం నీలంగా ఉన్న రోజు పిక్నిక్‌కి బావుంటుంది, షోర్‌బర్డ్స్‌కి అంతగా కాదు.

4. ఎక్కడికి వెళ్ళాలి

మొదటిసారి అయితే ఇంకేం ఆలోచించకుండా వెస్ట్ ఆల్టన్ దగ్గరున్న రివర్‌లాండ్స్ మైగ్రేటరీ బర్డ్ శాంక్చువరీకి వెళ్ళండి. హైవే 67 మీద క్లార్క్ బ్రిడ్జి, అదే పసుపు రంగు తీగల వంతెన, సెయింట్ లూయిస్ నుంచి వస్తే దానికి ఇవతలే దిగాలి. సుమారు 3,700 ఎకరాలు, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళది, పిట్టల సంరక్షణ చూసే ఆడుబాన్ సంస్థ సెంటర్ కూడా అక్కడే ఉంది, లోపల పిల్లలు కూర్చుని చూసేలా టెలిస్కోపులుంటాయి, బాత్‌రూమ్ ఉంటుంది, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇవన్నీ ముఖ్యమే. హెరాన్ పాండ్, టీల్ పాండ్ అంచుల్లో బురద ఉందేమో చూడండి. అక్కడి పొదల్లో బుగ్గ మీద నల్ల మచ్చతో ఒక పిచ్చుక కనపడుతుంది, యురేషియన్ ట్రీ స్పారో, 1870లో సెయింట్ లూయిస్‌లో వదిలారు, ఇన్నేళ్ళైనా ఈ చుట్టుపక్కలే ఉండిపోయింది, వేరే రాష్ట్రాల వాళ్ళు దీనికోసమే ఫ్లైటెక్కి వస్తారు.

అక్కడి నుంచి నదులు కలిసే చోటికి, కాన్‌ఫ్లుయెన్స్ పాయింట్ స్టేట్ పార్కుకి వెళ్ళే దారిలో రెండు పక్కలా పొలాలే, నీళ్ళుంటే కారు నెమ్మదిగా పోనిస్తూ చూస్కోవచ్చు. మిస్సోరీ నదికి సెయింట్ లూయిస్ వైపు ఒడ్డున కొలంబియా బాటమ్ కన్జర్వేషన్ ఏరియా, అది తరచూ మునుగుతుంది, రోడ్లు మూస్తారు, బయల్దేరే ముందు మిస్సోరీ కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ సైట్ చూడండి. ఇల్లినాయ్ వైపు గ్రానైట్ సిటీ దగ్గర హార్స్‌షూ లేక్ స్టేట్ పార్క్, నది వదిలేసిన పాత వంపులో ఏర్పడ్డ సరస్సు, దాని చుట్టూ ఉన్న పల్లపు పొలాల్ని అమెరికన్ బాటమ్ అంటారు, కహోకియా మట్టి దిబ్బలు కూడా ఆ పల్లంలోనే ఉన్నాయి. వానొచ్చిన మర్నాడు ఆ పొలాల మధ్య కౌంటీ రోడ్లే నా మొదటి ఛాయిస్, పార్కు కంటే ఎక్కువ పిట్టలు రోడ్డు పక్క నీటి మడుగులోనే దొరుకుతాయి చాలాసార్లు.

5. సామాను

బైనాక్యులర్స్ 8 బై 42, అంటే 8 రెట్లు పెద్దగా చూపించే 42 ఎంఎం అద్దాలవి, సరిపోతాయి, 12 రెట్లవి కొనకండి, చేతిలో ఊగుతాయి. బురదలో పిట్టలు దూరంగా ఉంటాయి కాబట్టి స్పాటింగ్ స్కోప్, అంటే స్టాండ్ మీద పెట్టే చిన్న టెలిస్కోప్, ఉంటే ఆట మారిపోతుంది, 20 నుంచి 60 రెట్ల జూమ్, ముందు అద్దం 65 నుంచి 80 ఎంఎం. ఖరీదే, కాబట్టి ముందు ఒక సీజన్ లేకుండా గడపండి, ఆడుబాన్ వాళ్ళ వాక్‌లకి వెళ్తే ఎవరో ఒకరు వాళ్ళది చూడనిస్తారు. రబ్బరు బూట్లు, గొడుగు కాదు రెయిన్ జాకెట్, నీళ్ళు, పులిహోర డబ్బా. గడ్డిలోకి దిగితే ప్యాంటు సాక్స్‌లోకి దోపుకోండి, ఇంటికొచ్చాక ఒళ్ళంతా టిక్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) కోసం చూస్కోండి, ఇది మాత్రం నిర్లక్ష్యం చెయ్యొద్దు.

6. అక్కడికెళ్ళాక

కారే మంచి మాటు. మనిషి దిగి నిలబడితే లేచిపోయే పిట్టలు కారు పక్కనే ఆగినా పట్టించుకోవు. ఇంజన్ ఆపండి, కిటికీ దించండి, వెంటనే ఏం కనపడకపోతే వెళ్ళిపోకండి. ఖాళీ బురద అనుకున్న చోట ఐదు నిమిషాలు చూస్తే మట్టి గడ్డల్లో ఒకటి నడుస్తుంది, తర్వాత ఇంకోటి, కాసేపటికి ముప్పై. ఒక చివర్నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా తిప్పుతూ చూడండి, మళ్ళీ వెనక్కి రండి.

వెలుతురు మీ వెనక ఉండాలి, అంటే పొద్దున పొలానికి తూర్పు వైపు, సాయంత్రం పడమర వైపు. మే నెలలో పది దాటితే నేల మీద వేడి ఆవిరి లేచి స్కోప్‌లో అంతా వణుకుతుంది, కాబట్టి పొద్దున్నే రండి. అన్నీ ఒకేసారి లేస్తే ఆకాశంలోకి చూడండి, డేగ వచ్చి ఉంటుంది, చాలాసార్లు ఒక చుట్టు తిరిగి అక్కడే దిగుతాయి.

దగ్గరికెళ్ళి లేపొద్దు. ఫోటో కోసం పొలంలోకి నడిచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వైట్ రంప్డ్ శాండ్‌పైపర్ బరువు 40 గ్రాముల చుట్టూ ఉంటుంది, టియెర్రా డెల్ ఫ్యూగో వైపు నుంచి కెనడా ఆర్కిటిక్ దాకా పోవాలి, దానికి ప్రతి నిమిషం తిండే. 2019లో వచ్చిన పెద్ద స్టడీ ప్రకారం ఉత్తర అమెరికా షోర్‌బర్డ్స్ 1970 నుంచి 37 శాతం తగ్గిపోయాయి.

7. ఏది ఏ పిట్ట

ఇక్కడే అందరూ బెదిరిపోతారు, అన్నీ గోధుమ రంగే. రంగుతో మొదలెట్టకండి. ముందు సైజు, తర్వాత కాళ్ళు, తర్వాత ముక్కు, తర్వాత ఎలా తింటోంది, ఆఖర్న ఈకలు.

కొలబద్దగా కిల్‌డీర్‌ని పెట్టుకోండి. ఛాతీ మీద రెండు నల్ల పట్టీలు, 25 సెంటీమీటర్ల దాకా పొడుగు, ఎక్కడైనా ఉంటుంది, ఆఫీస్ పార్కింగ్ లాట్ గులకరాళ్ళలో కూడా గుడ్లు పెట్టేస్తుంది, మనం దగ్గరికెళ్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దూరంగా ఈడ్చుకుపోతుంది. మన ఊళ్ళలో తీతువు పిట్ట కూడా ఇదే కుటుంబం, అదీ నేల మీదే గుడ్లు పెడుతుంది, అలాగే అరిచి గోల చేస్తుంది. విజిటింగ్‌కి వచ్చిన అమ్మమ్మల్ని తీసుకెళ్తే తీతువు కూత అపశకునం అని ఓ మాట అంటారు, పట్టించుకోకండి, పొలంలో పిట్టల్ని కనిపెట్టడంలో మాత్రం వాళ్ళ కళ్ళే నయం.

కిల్‌డీర్ కంటే బాగా చిన్నవి, పిచ్చుక సైజువి, వాటిని పీప్స్ అంటారు. కాళ్ళు పసుపైతే లీస్ట్ శాండ్‌పైపర్, ప్రపంచంలోకెల్లా చిన్న షోర్‌బర్డ్, 20 నుంచి 30 గ్రాములు. కాళ్ళు నల్లగా ఉంటే ఇక్కడ చాలామటుకు సెమీపామేటెడ్. కాళ్ళకి బురద అంటితే పసుపు కూడా నల్లగానే కనపడుతుంది, జాగ్రత్త, కాస్త ఆగి కడుక్కునేదాకా చూడండి. రెక్కల చివర్లు తోక దాటి బయటికి పొడుచుకొస్తే వైట్ రంప్డ్ లేదా బెయర్డ్స్. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా ఉంటే వైట్ రంప్డ్.

పెక్టోరల్ శాండ్‌పైపర్ ముంపు పొలాల్లో మామూలు పిట్ట, ఛాతీ మీద సన్న గీతలు దట్టంగా ఉండి ఒక్కసారిగా గీత గీసినట్టు ఆగిపోతాయి, కింద తెలుపు. మగవి ఆడవాటి కంటే బాగా పెద్దవి, పక్కపక్కనుంటే రెండు జాతులనుకుంటారు.

యెల్లోలెగ్స్ రెండూ పసుపు కాళ్ళతో పొడుగ్గా ఉంటాయి. ముక్కు తల పొడవంత ఉంటే లెస్సర్, తల కంటే బాగా పొడుగై కొంచెం పైకి వంగినట్టుంటే గ్రేటర్. అరుపు ఇంకా తేలిక, గ్రేటర్ గట్టిగా మూడు నాలుగుసార్లు తీయూ తీయూ తీయూ అంటుంది, లెస్సర్ మెత్తగా ఒకటో రెండో. చెట్ల నీడలో గుంటల పక్కన ఒంటరిగా, కంటి చుట్టూ తెల్ల చక్రంతో ఉన్నది సాలిటరీ, మన చెరువుల దగ్గరి ఉల్లంకి పిట్టలా ఉంటుంది, ఇది చెట్టు మీద వేరే పిట్టలు వదిలేసిన గూళ్ళలో గుడ్లు పెడుతుంది, షోర్‌బర్డ్‌కి ఇదో వింత. తోక ఆగకుండా ఊపుతుంటే స్పాటెడ్.

ఒకే చోట నిలబడి పొడుగు ముక్కు పైకీ కిందకీ ఆపకుండా గుచ్చుతుంటే డౌవిచర్. లాంగ్ బిల్డా షార్ట్ బిల్డా అన్నది అరుపు వినకుండా తేల్చడం కష్టం, ఈబర్డ్‌లో ఏదో ఒక డౌవిచర్ అని పెట్టడానికి ఆప్షన్ ఉంది, సిగ్గుపడకుండా వాడండి. నీళ్ళలో బొంగరంలా గిరగిరా తిరుగుతుంటే విల్సన్స్ ఫాలరోప్, ఇందులో ఆడదానిదే అందమైన రంగు, గుడ్లు పొదిగేది మగది.

ఆగకుండా నడుస్తూ గుచ్చేవి శాండ్‌పైపర్లు, నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగి చూసి పొడిచేవి ప్లవర్లు. గోల్డెన్ ప్లవర్లు ఏప్రిల్‌లో ఈకలు మారుస్తుంటాయి, కడుపు సగం నలుపు సగం తెలుపు మచ్చలుగా ఉంటుంది, చూసి కంగారుపడొద్దు. ఎగిరినప్పుడు చంకలో నల్ల మచ్చ ఉంటే అది బ్లాక్ బెల్లీడ్ ప్లవర్. పిట్టల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ అరుపులకి బాగా పనికొస్తుంది, దూరంగా ఉన్న పీప్ ఫోటో పెడితే చెప్పింది గుడ్డిగా నమ్మకండి.

8. రోడ్లు, పొలం యజమానులు, పోలీసులు

పొలాలు ప్రైవేట్. కరకట్ట పైన రోడ్డు కూడా చాలాచోట్ల కట్ట చూసుకునే లెవీ డిస్ట్రిక్ట్ వాళ్ళది, గేటు తెరిచుంది కదా అని ఎక్కెయ్యకండి. మిస్సోరీలోనూ ఇల్లినాయ్‌లోనూ చెట్టు మీదో స్తంభం మీదో ఊదా రంగు పెయింట్ గీత ఉంటే లోపలికి రావద్దని చట్టప్రకారం హెచ్చరిక, బోర్డు లేకపోయినా సరే. పబ్లిక్ రోడ్డు అంచున కారు పూర్తిగా పక్కకి తీసి హజార్డ్ లైట్లు వెయ్యండి, వసంతంలో ఆ రోడ్ల మీద పెద్ద ట్రాక్టర్లూ, విత్తనాలు వేసే ప్లాంటర్లూ తిరుగుతుంటాయి, వాళ్ళకి దారి మనమే ఇవ్వాలి.

పొలం పక్కన స్కోప్ పెట్టుకుని నిలబడితే రైతో, షెరిఫ్ కారో ఆగడం మామూలే. చేతులు కనపడేలా పెట్టి, నవ్వుతూ బర్డ్స్ చూస్తున్నామని చెప్పి పుస్తకమో ఫోనో చూపించండి, రైతు అయితే స్కోప్‌లోంచి ఒకసారి చూడమనండి. పంట ఆలస్యమై చిరాకులో ఉన్న మనిషి ముందు మీ పొలంలో నీళ్ళు భలే ఉన్నాయండీ అని మాత్రం అనకండి.

నీళ్ళు రోడ్డు మీదకొచ్చి ఉంటే ఎంత లోతో చూద్దామని కూడా పోవద్దు. పారే నీళ్ళు 6 అంగుళాలుంటే మనిషిని పడేస్తాయి, 12 అంగుళాలు చాలు చిన్న కార్లు కొట్టుకుపోవడానికి. వెనక్కి తిరగండి, ఇంకో పొలం ఉంటుంది.

9. రాసి పెట్టుకోవడం

ప్రతి చోటా ఈబర్డ్‌లో లిస్ట్ పెట్టండి, పిట్టల లెక్కతో పాటు కామెంట్‌లో నీళ్ళ సంగతి కూడా రాయండి, ఎంత లోతు, పెరుగుతోందా తగ్గుతోందా, ఆ రోజు గేజ్ ఎంత. రెండేళ్ళు ఇలా రాస్తే గేజ్ నంబర్ చూసి ఏ పొలం తయారై ఉంటుందో ఇంట్లోంచే చెప్పగలుగుతారు.

జూన్ వచ్చేసరికి పొలాలు ఆరిపోయి సోయా మొలుస్తుంది. జూన్ ఆఖరు, జూలై మొదట్లోనే లెస్సర్ యెల్లోలెగ్స్, లీస్ట్ శాండ్‌పైపర్లు దక్షిణానికి తిరిగి రావడం మొదలెడతాయి. అప్పటికి పల్లంలో మొక్కజొన్న మనిషెత్తు ఉంటుంది, రోడ్డు మీంచి ఏం కనపడదు, కాబట్టి ఆ సీజన్‌కి హార్స్‌షూ లేక్‌లోనో రివర్‌లాండ్స్‌లోనో నీళ్ళు దిగిన ఒడ్డు వెతుక్కోవాలి.